మబ్బు పడితే ఫోన్ చేసే పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మరియమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను.

"అక్కా, ముందుగాల కూసో" అంది. ఆ మాటతోనే సంగతి అర్థమైంది.

"పొద్దుగాల వాకిట్ల సాన్పు జల్లి వచ్చి అరుగు మీద కూసున్నదట. కొడుకు చాయ్ తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నది. నేనే చెయ్యి పట్టి చూసిన. బాధేం పడలేదక్కా."

మరియమ్మ ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తుంది. చావును దగ్గరనుంచి చూసిన మనిషి. ఆమె బాధ పడలేదంటే నమ్మాలి. కానీ నాకు వెంటనే ఏడుపు రాలేదు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పొయ్యి మీద ఏమన్న పెట్టి ఉందేమో చూసిండ్రా?"

"చూసినక్కా. పాలగిన్నె ఉండె. బంద్ జేసిన" అంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది. ఆ ప్రశ్న నాది కాదని ఇద్దరికీ తెలుసు. ఎవరింట్లో ఏం జరిగినా పెద్దమ్మ మొదట అడిగేది అదే.

ఆమె నాకు చుట్టం కాదు. లాల్‌దర్వాజాలో మేము చాలా ఏళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలు. కిరాణా సరుకుల టోకు వ్యాపారం చేసుకునే కుటుంబం వాళ్ళది. భర్త ఎప్పుడో పోయారు. కొడుకు దుకాణం చూసుకునేవాడు. ఆ ఇంట్లో అద్దెకు దిగిన ప్రతివాళ్ళూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచారు. మరో పిలుపు ఎవరికీ తోచలేదు.

ఆ ఇంటి గురించి కొంచెం చెప్పాలి. గల్లీలో నిలబడితే ఆటోలు, బండ్లు, పూల కొట్టు, పిండి గిర్నీ, పొద్దంతా లొల్లి. గేటు తీసి లోపలికి వస్తే ఊళ్ళో ఇల్లే. షాబాదు బండలు పరిచిన వాకిలి, మధ్యలో చేద బావి, ఒక మూల వేపచెట్టు, ఇంకో మూల సీతాఫలం చెట్టు, గోడ పొడుగునా మల్లె పందిరి. వాకిలి చుట్టూ గదులు. ఒక వైపు పెద్దమ్మ వాళ్ళు, ఎదురుగా మేము, బావి వెనక పోర్షన్‌లో మరియమ్మ, ఆమె భర్త. ఆయన గోడలకు రంగులు వేసేవాడు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. పెళ్ళైన కొత్తలో నన్ను ఆ ఇంటికి తీసుకొచ్చిన రోజు, సామాను దించుతుంటే ఒక సన్నటి మనిషి, ముతక చీర కొంగు నడుముకు దోపుకుని, బీరువా మోస్తున్న వాళ్ళ వెనకే తిరుగుతూ కనిపించింది.

"పైలం బిడ్డా, పైలం. కాలు జారుతది. ఆడ బండ లేసి ఉన్నది. అరే, బావి దిక్కు చూడుర్రి!"

ఆమెతో మాకు మొదటి పరిచయం అది. ఆ తర్వాత ఆ ఇంట్లో గడిచిన ఏళ్ళన్నీ ఆ గొంతు కిందే గడిచాయి.

ఆమెకు ఒక్కో కాలానికి ఒక్కో భయం. ఎండాకాలం వస్తే బావి అడుగు కనబడుతుందేమోనని పొద్దున్నే వంగి చూసేది. అంత వంగితే ఆమే పడిపోతుందేమోనని మేము చూసేవాళ్ళం. మామిడికాయ పచ్చడి పెట్టే రోజు వాకిలంతా మా ముగ్గురిళ్ళ చాటలు, కత్తిపీటలు. కాయలు కడిగి, తుడిచి, మళ్ళీ తుడిచి, ముక్క ముక్కనూ పాత ధోవతి గుడ్డతో ఒత్తేది. "తడి తగిల్తె బూజొస్తదే. ఏడాదంత ఏం తింటరు?" అని నా చేతిలోని ముక్కలు కూడా లాక్కుని తుడిచేది. పచ్చడి ఎండలో ఉన్న రోజుల్లో ఆకాశంలో అరచేయంత మబ్బు కనిపించినా జాడీలన్నీ లోపలికి చేరేవి. మబ్బు పోతే మళ్ళీ బయటికి. మా ఆయన నవ్వేవాడు. "టీవీల వాన ముచ్చట ఎందుకే, మన ఇంట్లనే పెద్దమ్మ ఉండంగ" అనేవాడు.

ఆషాఢం వస్తే బోనాలు. మా గల్లీ ఎట్లా ఉంటుందో ఆ దారిన ఒక్కసారి నడిచినవాళ్ళకు తెలుసు. వేపాకులు, పసుపు, డప్పులు, తలల మీద బోనాలు, భుజానికి భుజం తగిలే జనం. పిల్లలకు పండగ, పెద్దమ్మకు గుండెదడ. గేటు దగ్గర నిలబడి పిల్లల్ని ఆపి ఒకటే పాఠం చెప్పేది. "తప్పిపోతే ఏడ్వొద్దు. ఉరకొద్దు. ఉన్నకాడనే నిలవడుర్రి. నేను ఎతుక్కుంట వస్త." మా స్వప్నకు మాటలు వచ్చీరాని వయసులోనే ఆ పాఠం కంఠతా వచ్చింది.

బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు బజారు నుంచి కట్టలుగా వచ్చేవి. పూలలో పురుగులు ఉంటాయని ప్రతి కట్టా దులిపేది. సీతాఫలాలు పండితే పిల్లలు గింజలు మింగుతారని పక్కనే కూర్చునేది. చలికాలం తెల్లవారుజామున మా ఆయన డ్యూటీకి బయలుదేరితే, ఆమె తలుపు ఓరగా తెరుచుకునేది. "తమ్మీ, చెవులు కప్పుకో." ఆయన అప్పటికే కప్పుకుని ఉండేవాడు. అయినా మఫ్లర్ ఒకసారి సవరించుకుని "కప్పుకున్న పెద్దమ్మా" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ జవాబు వినకపోతే తలుపు మూసుకోదని ఆయనకు తెలుసు.

అందరూ ఇల్లు చేరేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. సాయంత్రం దీపం పెట్టి అరుగు మీద కూర్చునేది. మరియమ్మకు డ్యూటీ ఆలస్యమైతే, "ఆ పోరి ఇంక రాలేదేందే?" అని నన్ను నాలుగుసార్లు అడిగేది. మరియమ్మ గేటు తీయగానే ఏమీ ఎరగనట్టు లేచి లోపలికి పోయేది.

నిజం చెప్పాలంటే, కొత్తలో నాకు ఊపిరి ఆడేది కాదు. మా పుట్టింట్లో ఇంత కాపలా లేదు. ఒకరోజు బావి దగ్గర బట్టలు ఉతుకుతూ అడిగేశాను. ఇంత భయపడే మనిషి వెనక ఏదో పెద్ద దుఃఖం ఉండి ఉంటుందని నా ఊహ.

"పెద్దమ్మా, నీకు ఎప్పుడన్న ఏమన్న అయ్యిందా? ఎందుకింత ఫికర్ జేస్తవు?"

ఆమె చీర పిండుతూ నా వంక వింతగా చూసింది.

"ఏం గాలే. దేవుని దయ, ఇప్పటిదాంక ఎవరికేం గాలే."

"మరి?"

"ఏం గాకుండ ఉండాలెననే గద ఫికర్ జేసేది? అయ్యినంక ఫికర్ జేస్తె ఏమొస్తది?"

ఆ మాటకు నేను గట్టిగా నవ్వాను. ఆమె నవ్వలేదు. నేను నవ్వుతూ బావి గట్టు మీదికి ఒరుగుతున్నానని, వెనక్కి జరగమని చెప్పింది.

ఇప్పుడు ఆ వాన గురించి చెప్తాను. పెద్దమ్మ తలపుకు వస్తే నాకు మొదట కళ్ళముందు నిలిచేది ఆ రోజే.

బతుకమ్మ పండగ అయిపోయింది. వానలు వెళ్ళిపోయాయనుకున్నాం. ఆ మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. మొదలైన వాన తగ్గలేదు. మూడు గంటలకల్లా గల్లీ కాలువైంది. నీళ్ళు గేటు కిందనుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి మా గడపల మీదికి వచ్చాయి. నేను, మరియమ్మ బియ్యం డబ్బాలు, పరుపులు అటక మీదికి ఎక్కిస్తున్నాం. స్వప్న అప్పుడు ఆరో తరగతి. బడి నుంచి ఆటోలో వస్తుంది. రావాల్సిన వేళ దాటిపోయింది. ఆటో అతనికి ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎత్తడం లేదు. మా ఆయన డిపోలో ఉన్నాడు. అక్కడా నీళ్ళేనట.

పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"పిల్ల వచ్చిందా?"

"రాలే పెద్దమ్మా. ఫోన్ ఎత్తుతలేడు."

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. ఆమె ఒక్కతే గల్లీ చివర రోడ్డు దాటడం నేను ఎన్నడూ చూడలేదు. బండ్లంటే భయం. గుడికి పోవాలన్నా మాలో ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునేది. ఆమెకు ధైర్యం చెప్పే తీరిక నాకు లేదు. "నేను మెయిన్ రోడ్డు దాంక పోయి చూసొస్త" అని బయటపడ్డాను.

రోడ్డు ఎక్కడుందో తెలియడం లేదు. నడుము దాకా నీళ్ళు. మూసిన దుకాణాల షట్టర్లు పట్టుకుంటూ నడిచాను. మామూలుగా పిల్లల ఆటోలు ఆగే చోట ఒక్క ఆటో లేదు. పక్క వీధి దాకా వెళ్ళాను. తెలిసిన వాళ్ళను, తెలియని వాళ్ళను అడిగాను. ఒకాయన, "పిల్లల ఆటో ఒకటి మధ్యల బంద్ పడ్డదమ్మా, పిల్లలు దిగి నడుచుకుంట పోయిండ్రు" అన్నాడు. ఎటు పోయారంటే చెప్పలేకపోయాడు. ఆ నీళ్ళలో నా బిడ్డ నడుచుకుంటూ పోయింది. ఆ తర్వాత నేను వెనక్కి ఎట్లా నడిచానో నాకు గుర్తులేదు. కాళ్ళ కింద ఏది తగిలినా పిల్ల చెయ్యేమోనని వంగి తడిమానని మాత్రం గుర్తుంది.

మా గల్లీ మొదట్లోకి వచ్చేసరికి వాన హోరులోంచి ఆ గొంతు వినిపించింది.

"ఇటు రాకుర్రి! గుంత ఉన్నది! ఓ బండి తమ్మీ, ఆగు! ఇధర్ నక్కో ఆవో! గడ్డా హై!"

గల్లీ మలుపులో, నీళ్ళ మధ్య పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో సీతాఫలాలు కోసే కొంకి కట్టె. ఈలోగా నీళ్ళు త్వరగా పోవాలని ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసేశారు. నీళ్ళు అక్కడ సుడి తిరుగుతున్నాయి గాని, ఆ మురికి నీళ్ళ కింద గుంత ఉందని చూసేవాళ్ళకు తెలియదు. ఆమె పిల్లను వెతకడానికి బయలుదేరి, కట్టెతో ముందు నేల పొడుచుకుంటూ వచ్చింది. అక్కడ కట్టె దిగబడిపోయింది. ఇక అక్కడినుంచి కదల్లేదు.

ఎదురింటి ఖాలా, జరీ పని చేసే ఆమె, అప్పటికే దిగి వచ్చి పెద్దమ్మ తల మీద గొడుగు పట్టుకుని ఉంది. ఆ గొడుగు వల్ల ఇద్దరికీ ఏ ఉపయోగమూ లేదు.

"మాజీ, ఆప్ అందర్ జావ్. మైఁ ఠైర్తూఁ నా యహాఁ" అంటోంది ఖాలా, ఇక్కడ తను నిలబడతానని, పెద్దమ్మను లోపలికి పొమ్మని.

"నక్కో ఖాలా. నీకు మోకాళ్ళ నొప్పులు" అంటోంది పెద్దమ్మ.

నేను ఏడుస్తూ, "పెద్దమ్మా, స్వప్న దొరకలే" అని ఆమె వైపు ఉరికాను. ఆమె కట్టె నా ఛాతీకి అడ్డంగా వచ్చింది.

"ఆడనే ఆగు! అడుగు ముందుకు పెట్టకు! పిల్ల ఆడున్నది, చూడు. గిర్నీ మెట్ల మీద."

చూశాను. పిండి గిర్నీ ఎత్తైన మెట్ల మీద, మూసిన షట్టర్‌కు ఆనుకుని నలుగురైదుగురు పిల్లలు. మధ్యలో స్వప్న, నెత్తి మీద బ్యాగు పెట్టుకుని. వాళ్ళకూ మా ఇంటికీ మధ్య ఆ గుంత. నన్ను చూసి అక్కడినుంచే అరిచింది. "అమ్మా, పెద్దమ్మ ఉన్నకాడనే నిలవడుమన్నది!"

నేను ఆ పక్క గోడ పట్టుకుని పిల్లల దగ్గరికి చేరాను. అక్కడినుంచి పెద్దమ్మను చూశాను. ఏ బండి చప్పుడు విన్నా కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, గొంతు చించుకుని అరుస్తోంది. ఒక స్కూటరాయన ఆ అరుపులు లెక్కచేయకుండా వస్తే, కట్టెతో బండి ముందు భాగం మీద ఒక్కటేసింది. అతను తిట్టబోయి, సుడి తిరిగే నీళ్ళు చూసి నోరు మూసుకుని వెనక్కి తిరిగాడు.

"పెద్దమ్మా, లోపలికి పో! నీకు జ్వరమొస్తది!" అని అరిచాను.

"నేను పోతే ఇది ఎవరికి కనబడ్తదే?" అంది. ఆ వెంటనే, "నాకు మస్తు భయమైతుంది బిడ్డా, జల్ది ఎవరినన్న పిలువుర్రి" అంది.

మా అరుపులు విని మరియమ్మ పిలిస్తే ఆమె భర్త ఇనుప మంచం ఒకటి తలకెత్తుకుని వచ్చాడు. దాన్ని తలకిందులుగా గుంత మీద వేసి, పైన బండరాళ్ళు పెట్టాడు. పైకి లేచి ఉన్న మంచం కోడుకు ఖాలా తన ఎర్ర దుపట్టా కట్టింది. ఆ తర్వాతే పిల్లల్ని ఒక్కొక్కరిని గోడ పక్కగా దాటించాం. స్వప్న దాటి రాగానే పెద్దమ్మ దాని తల, చెవులు, చేతులు తడిమి చూసింది. ముద్దు పెట్టుకోలేదు. "గా చెప్పులేవి? నీళ్ళల్ల పోగొట్టినవా?" అని కోప్పడింది. కట్టె వదలమంటే ఆమె వేళ్ళు విచ్చుకోలేదు. నేను, ఖాలా కలిసి ఒక్కో వేలూ మెల్లగా విప్పాం.

ఆమెకు వారం పైన జ్వరం. గొంతు పూర్తిగా పోయింది. మరియమ్మ డ్యూటీ అయ్యాక వచ్చి రాత్రులు పక్కనే పడుకునేది. మాటలేని పెద్దమ్మ మంచం మీదనుంచి చేతి సైగలతో అడిగేది, పొయ్యి బంద్ చేశామా అని. ఆ వారం మా ముగ్గురిళ్ళలోనూ ఎవరికి వాళ్ళం రెండేసి సార్లు లేచి చూసుకున్నాం. గల్లీలో వాళ్ళు పండ్లు పట్టుకుని వచ్చి మెచ్చుకుంటే ఆమెకు నచ్చేది కాదు. ఒకాయన, "అమ్మా, నీకు మస్తు ధైర్యం" అన్నాడు. గొంతు అప్పుడప్పుడే వస్తోంది. "ధైర్యమేంది? భయంతోటే నిలవడ్డ" అని గోడ వైపు తిరిగి పడుకుంది. జ్వరం తగ్గి లేచాక గుడికి పోదామంటే మళ్ళీ నా చెయ్యే పట్టుకుంది.

కొన్నాళ్ళకు మేము ఫలక్‌నుమా వైపు చిన్న ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయాం. ఎంత దూరమని? ఆటోలో కాసేపటి దారి. అయినా సామాను ఎక్కిస్తుంటే పెద్దమ్మ మళ్ళీ బీరువా వెనకాలే తిరిగింది. నాలుగో అంతస్తు అనగానే ఆమెకు కొత్త ఫికర్ పట్టుకుంది. "బాల్కనీకి ఇనుప జాలి ఉన్నదా? లిఫ్టు ఆగిపోతే ఎట్ల?" లిఫ్టే లేదంటే, "మరి మెట్లు ఎట్లెక్కుతవే రోజూ?" అంది.

అప్పటినుంచి ఫోన్. మబ్బు పడితే చాలు, ఫోన్ మోగేది. మా ఇంటి మీద ఎండ కాస్తున్నా, లాల్‌దర్వాజా మీద మబ్బు ఉంటే మోగేది. "ఈడ మస్తు మబ్బు పట్టింది. నీ దిక్కు వస్తది చూడు. బట్టలు తీసినవా? పిల్ల గొడుగు తీస్కపోయిందా?" స్వప్న ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీకి లోకల్ రైల్లో పోతుంది. రైలంటే పెద్దమ్మకు ఇంకొక భయం. "తలుపు కాడ నిలవడొద్దని చెప్పు." చెప్పానని నేను అనాలి. లేకపోతే ఫోన్ పెట్టదు. ఒక్కోసారి వంట మధ్యలో విసుగొచ్చేది. స్వప్న మాత్రం, పెద్దమ్మ తనకు చేస్తే, స్నేహితుల మధ్య ఉన్నా సరే ఎత్తి, "తలుపు కాడ లేను పెద్దమ్మా, లోపల కూసున్న" అని చెప్పేది. నిలబడి ఉన్నా సరే అట్లాగే చెప్పేది.

ఆమె పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి లేచింది. నేను వంటింట్లో ఉన్నాను. చేతులు తుడుచుకుని ఫోన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. మోగలేదు. మోగదని తెలుసు. అయినా నిలబడ్డాను. తర్వాత బాల్కనీలోకి పోయి బట్టలు తీశాను. స్వప్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. క్లాసులో ఉంటుందని తెలుసు. అయినా ఆగలేకపోయాను. నాలుగోసారికి ఎత్తి, "ఏందమ్మా?" అంది. ఏమని చెప్పను? "గొడుగు ఉన్నదా?" అన్నాను. "ఉన్నదమ్మా" అంది మెల్లగా. పెద్దమ్మ మోసిన ఆ బరువు ఎంతదో నాకు ఆ రోజు కొంచెం తెలిసింది. మా అందరి తరఫునా ఆమె ఒక్కతే భయపడేది కాబట్టి మేమంతా హాయిగా నవ్వుకున్నాం.

పెద్దకర్మ నాటికి మిరుగు కార్తె, అదే మృగశిర, వచ్చేసింది. ప్రతి ఏడూ మిరుగు నాడు, కొత్త వానలకు జలుబు చేయకుండా, ఇంగువ కలిపిన బెల్లం ఉండలు చేసి మా అందరి నోట్లో ఆమే పెట్టేది. ఈసారి ఆమె కోడలు చేసింది. ఇంగువ ఎక్కువైంది. వాకిట్లో వేపచెట్టు కింద వరసగా కూర్చుని తిన్నాం. ఖాలా కూడా వచ్చింది. ఆమెకు ఇప్పుడు నడక కష్టంగా ఉంది. మరియమ్మ భర్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పెద్దమ్మ కొడుకు నా పక్కన కూర్చుని, "అమ్మ ఉన్నప్పుడు దుకాణంల పదిసార్లు ఫోన్ మోగేది, అక్కా. మస్తు కోపమొచ్చేది" అన్నాడు. "ఇప్పుడు ఫోన్ జేబుల ఉన్నదా లేదా అని చేతితోటి చూసుకుంటున్న."

సాయంత్రం మా ఆయన బండి మీద తిరిగి వస్తుంటే సన్నగా వాన పట్టుకుంది. చౌరస్తా దగ్గర ఆగాం. పక్కన పూల కొట్టు ముందు ఒక పెద్దావిడ దండలు సంచిలో సర్దుకుంటోంది. మాకు ముందు ఒక కుర్రాడు బండి స్టార్ట్ చేసి కదిలాడు. స్టాండు తీయలేదు. ఆవిడ చేతిలోని సంచి వదిలేసి రోడ్డు మీదికి దిగింది.

"ఓ బిడ్డా! స్టాండు! స్టాండు తియ్యి!"

అతను వెనక్కి చూడలేదు. ఎవరన్నారో కూడా తెలుసుకోలేదు. మడమతో స్టాండును వెనక్కి తన్ని, జనంలో కలిసిపోయాడు. దారి వదలమని వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. ఆవిడ వానలో తడుస్తూ, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, ఆ బండి ఎర్రదీపం మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది.